బండి తోలేవానికీ దేహమున్నది

సెలవులు దగ్గర పడగానే మన ఇళ్లలో మూడు ప్రశ్నలు వినబడతాయి. ఎవరెవరు వస్తున్నారు? దారిలో తినడానికి ఏమేమి కట్టుకుందాము? బాడుగ ఎంత అడుగుతున్నాడు? క్రిస్మసుకు పుట్టింటికి పోయేవారు, వేసవిలో పిల్లలను హార్స్‌లీ కొండకో తలకోనకో తీసుకుపోయేవారు, పెండ్లికి కె.జి.ఎఫ్.కు పోయేవారు, వైద్యానికి వేలూరుకు పోయేవారు, అందరూ ఈ మూడూ అడుగుతారు. నాలుగవ ప్రశ్న ఒకటున్నది. దానిని అడిగే ఇల్లు బహు అరుదు. బండి తోలే మనిషి రాత్రి నిద్రపోయినాడా?

ఈ ప్రశ్న నా మనస్సులో నాటుకొనడానికి ఒక పిల్లవాని మాట కారణము. మా సంఘములో పదవ తరగతి చదివే కుర్రవాడొకడున్నాడు. వానికి కార్ల రేసులంటే ప్రాణము. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద కూర్చొని, తన తాతకు ఫోనులో ఒక రేసు డ్రైవరు చేసే కసరత్తు చూపిస్తున్నాడు. ఆ డ్రైవరు తలకు పట్టీ కట్టుకొని, దానికి బరువు తగిలించి, మెడను ఇటూ అటూ లాగుతున్నాడు. తాత నవ్వి, “కుచ్చోని చక్రం తిప్పేవానికి ఇదంతా ఏమిటికిరా? నేను నలభై ఏండ్లు ఎద్దులబండి తోలినాను. ఏ కసరత్తు చేసినాను?” అన్నాడు.

కుర్రవాడు ఊరకుండలేదు. “తాతా, నువ్వు బండిలో నిద్రపోయినా నీ ఎద్దులు ఇల్లు చేరుస్తాయి. కారుకు ఇంటిదారి తెలీదు గదా!” అన్నాడు. ఆ మీదట నావైపు తిరిగి, “అయ్యగారూ, మీరే తీర్పు చెప్పండి” అన్నాడు.

తీర్పు చెప్పాలంటే ముందు సంగతి తెలియాలి. కాబట్టి ఆ రేసుల సంగతేమిటో కొంత చదివి, కొంత ఆ అబ్బాయి ద్వారానే విని తెలుసుకున్నాను. నేను తెలుసుకున్నది మన ఇండ్లకు కూడా అవసరమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

రేసు తోలేవాని శ్రమ

వేగముగా తోలడమనగానే బైబిలు చదివేవారికి యెహూ జ్ఞాపకము వస్తాడు. కావలివాడు గోపురముమీద నిలిచి, దూరమునుండి రథము తోలే తీరు చూచే అది యెహూ అని గుర్తుపట్టినాడు. మన ఊళ్లలో కూడా అట్టి పేరు పొందిన బండ్లు ఒకటి రెండు ఉంటాయి. అయితే ఈనాటి రేసు డ్రైవరు యెహూ వంటివాడు కాడు. అతని పని లెక్కతోను, క్రమశిక్షణతోను కూడినది.

రేసులు మనకు మరీ దూరపు సంగతి కూడా కాదు. చిత్తూరునుండి రాణిపేట మీదుగా చెన్నైకి పోయేటప్పుడు, శ్రీపెరుంబుదూరు దాటిన తరువాత ఇరుంగాట్టుకోట్టై వద్ద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారి రేసు బాట ఉన్నది. అది 1990లో తెరవబడినది. అంతకు ముందు ఏండ్ల తరబడి షోళవరంలోని పాత విమానాల మైదానములో పందెములు జరిగేవి. కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడైనాడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డుననే విద్యుత్తుతో నడిచే కార్ల పందెము జరిగినది.

ఫార్ములా వన్ పందెము సుమారు 305 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండ సాగితే రెండు గంటలకు మించకూడదని నియమము. అంటే తిరుపతినుండి బెంగళూరు దాటి పోయేటంత దూరము. ఆ రెండు గంటలలో ఆ మనిషి దేహము పడే శ్రమ వింటే ఆశ్చర్యము కలుగుతుంది. వేగముగా మలుపు తిరిగేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు అతని బరువు నాలుగైదు రెట్లయినట్లు ఉంటుంది. మనిషి తల, దానిమీది హెల్మెట్టు కలిపి సుమారు 7 కిలోలు. అది అయిదు రెట్లయితే 35 కిలోలు. 25 కిలోల బియ్యపు మూటకన్నా ఎక్కువ బరువు మెడను ప్రక్కకు లాగుతున్నదన్న మాట. అదీ ఒక్కసారి కాదు, ప్రతి చుట్టులోను. అతని గుండె నిమిషమునకు 160, 170 సార్లు కొట్టుకుంటుంది. ఎండ దేశములలో ఒక్క పందెములోనే రెండు మూడు కిలోల చెమట పోతుంది. తాత నవ్విన మెడ కసరత్తు అందుకే.

ఇంత సాధన చేసినవారికి కూడా ఒక హద్దున్నది. 2023 అక్టోబరులో ఖతార్ దేశములో రాత్రివేళ పందెము జరిగినది. రాత్రి అయినా వేడి, ఉక్క విపరీతము. ఎస్తెబాన్ ఓకోన్ అనే డ్రైవరు హెల్మెట్టులోనే వాంతి చేసుకున్నాడు. లోగన్ సార్జెంట్ అనే యువకుడు ఇక చేతగాక మధ్యలోనే కారు ఆపి దిగిపోయినాడు. అతని జట్టువారు అతనిని తప్పుపట్టలేదు. కోట్ల రూపాయల కారు, లోకమంతా చూస్తున్న పందెము. అయినా దేహము చాలదన్నప్పుడు దిగిపోవడము అక్కడ సిగ్గు కాలేదు. ఈ మాట దయచేసి గుర్తుంచుకొనండి.

ఇరువది నాలుగు గంటల పందెము

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరియొక పందెము. ఫ్రాన్సు దేశములో లె మాన్ అనే ఊరిలో 1923నుండి పగలూ రాత్రీ కలిపి 24 గంటలు సాగే పందెము ఉన్నది. అక్కడ 1952లో పియెర్ లెవే అనే డ్రైవరు ఒక పని చేసినాడు. జతగా మరియొక డ్రైవరు సిద్ధముగా ఉన్నా అతనికి చక్రము ఇవ్వలేదు. రాత్రంతా ఒక్కడే తోలినాడు. ఇరువది మూడు గంటల సమయానికి అందరికన్నా నాలుగు చుట్లు ముందున్నాడు. మిగిలినది గంట చిల్లర. అప్పుడు ఇంజను విరిగిపోయినది. అలసట వలన గేరు తప్పుగా వేసినాడని చాలామంది అన్నారు. ఇంజనులో ముందే లోపమున్నదని అతడన్నాడు. ఏది నిజమైనా, ప్రక్కనున్నవానికి ఒక్క గంటైనా చక్రము అప్పగించనివాని కథగానే అది నిలిచిపోయినది.

ఇప్పుడు ఆ పందెములో ఒక కారుకు ముగ్గురు డ్రైవర్లు ఉంటారు. ఏ డ్రైవరూ ఆరు గంటల వ్యవధిలో నాలుగు గంటలకు మించి తోలకూడదు. మొత్తము మీద 14 గంటలకు మించకూడదు. 2009లో మన నారాయణ్ కార్తికేయన్ ఆ పందెమునకు వెళ్లినాడు. మొదలయ్యే ముందే క్రిందపడి ఆయన భుజము తొలగినది. ఆయనను ఎక్కించలేదు. మిగిలిన ఇద్దరే వంతులవారీగా తోలి పందెము ముగించినారు.

చూడండి, ప్రాణమునకు తెగించి ఆడే ఆట అని మనము అనుకొనేచోట ఇన్ని కట్టడలున్నవి. మరి పెండ్లికి, పండుగకు, కుటుంబసమేతముగా పోయే మన బండిలో ఏ కట్టడ ఉన్నది? పదిమంది పట్టే వ్యానులో పదునారుగురు. తోలేది ఒక్కడు. అతనికి జత లేడు. నిన్న ఎక్కడ తోలినాడో మనకు తెలియదు. రేసు డ్రైవరు వెనుక సీటులో ముసలమ్మ లేదు, చంటిబిడ్డ లేదు. ఎదురుగా ఇసుక లారీ రాదు, అడ్డముగా గేదె రాదు. మన డ్రైవరుకు అవన్నీ ఉన్నవి. శ్రమలో తేడా ఉండవచ్చును గాని, దేహము మాత్రము ఇద్దరికీ ఒక్కటే.

నిద్రలేమి కూడా ఒక మత్తే

మన సంఘములలో త్రాగినవానిని చక్రము ముట్టనివ్వము. అది మంచిది. కాని నిద్రలేనివానిని పిలిచి కూర్చోబెడతాము. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ రెంటినీ పోల్చి చూచినారు. 17 గంటలు ఎడతెగక మెలకువగా ఉన్నవాని చురుకుదనము, రక్తములో 0.05 శాతము మద్యమున్నవాని చురుకుదనముతో సమానముగా పడిపోయినది. 24 గంటలు మెలకువగా ఉంటే 0.10 శాతముతో సమానము. మన దేశపు చట్టము ఒప్పుకొనేది 0.03 శాతము మాత్రమే. అంటే ఉదయము అయిదింటికి లేచి రాత్రి పదింటికి ఇంకా తోలుతున్నవాడు, ఒక్క చుక్క ముట్టకపోయినా, త్రాగినవానివలె తోలుతున్నాడు. అతని నోట వాసన రాదు గనుక మనము గుర్తించము.

నిద్ర చెప్పి రాదు. కండ్లు తెరచియుండగనే రెండు మూడు సెకన్లు మెదడు పనిచేయడము మానివేస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగములో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లలో 66 మీటర్లు. మన పల్లెలలో గుడిముందరినుండి బడిదాకా ఉండే దూరము, తోలేవాడు లేకుండనే బండి పోయినట్లు. తెల్లవారుజామున రెండునుండి అయిదు గంటల మధ్య, మరల మధ్యాహ్నభోజనము తరువాత రెండునుండి నాలుగు గంటల మధ్య ఈ మత్తు ఎక్కువ. మనము బయలుదేరడానికి ఏరుకొనే వేళ కూడా సరిగా తెల్లవారుజామే!

ముఖము కడుక్కోవడము, కిటికీ తెరవడము, పాటలు గట్టిగా పెట్టడము నిద్రను పోగొట్టవు, కాస్త వెనుకకు నెడతాయి, అంతే. కాఫీ పని చేయడానికి సుమారు అరగంట పడుతుంది. నిద్రకు మందు నిద్రే. బండి ప్రక్కన ఆపి ఇరువది నిమిషములు కన్ను మూసినా మేలు కనబడుతుంది.

పలమనేరు దగ్గర మూడు గంటలు

కొన్ని ఏండ్ల క్రిందట పాకాల దగ్గరి పల్లెనుండి కె.జి.ఎఫ్.కు పెండ్లిబృందముతో పోయినాను. పెండ్లి జరిపించవలసినది నేనే. తెల్లవారుజామున మూడు గంటలకు వ్యాను ఎక్కినాము. నేను డ్రైవరు ప్రక్కన కూర్చున్నాను. చిత్తూరు దాటి బంగారుపాళెము చేరేసరికి అతడు మాటిమాటికి తల విదిలించుకొనడము చూచినాను. “ఏమప్పా, రాత్రి పండుకొన్నావా?” అని అడిగినాను. “యాడ అయ్యగారూ! మొన్న బెంగళూరు ట్రిప్పు. నిన్న పొద్దున తిరుపతి, సాయంత్రము కాణిపాకము. రాత్రి పన్నెండుకు ఇల్లు చేరినా. ఒంటిగంటకు మీవాళ్లు ఫోను చేసినారు. పండక్కాలం గదా, ఇప్పుడు నాలుగు రాళ్లు చూసుకోకుంటే మళ్ల కంతు ఎట్ల కట్టేది?” అన్నాడు.

ముందున్నది మొగిలి ఘాట్. అక్కడ టీ అంగడి వద్ద బండి ఆపించి, వెలుగు వచ్చిన తరువాతనే ఘాట్ ఎక్కి పలమనేరులో ఒకచోట చాప వేయించి అతనిని పండుకోబెట్టినాము. మొత్తము మూడు గంటలు పోయినవి. పెండ్లికొడుకు చిన్నాయనకు కోపము వచ్చినది. “అయ్యగారూ, పదిన్నరకు పెండ్లి. పెండ్లికూతురివాళ్లు ఏమనుకుంటారు?” అని గట్టిగానే అడిగినాడు. అతని కోపములో న్యాయము లేకపోలేదు. అక్కడ మూడు వందలమంది కూర్చొని ఉన్నారు. అన్నము చల్లారిపోతుంది. పెండ్లికొడుకు తల్లి మాత్రము చిన్నగా ఒక మాట అన్నది: “ఆ అబ్బికీ ఇంట్లో అమ్మ ఉంటాది గదా మరిదీ.” ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు. పెండ్లి గంటన్నర ఆలస్యముగా జరిగినది. ఈనాడు ఆ దంపతులకు ఇద్దరు పిల్లలు. ఆ ఆలస్యము గురించి కె.జి.ఎఫ్.వారు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి.

ఆ డ్రైవరు చెడ్డవాడు కాడు, నిర్లక్ష్యము గలవాడు కాడు. బండికి కంతు కట్టవలసినవాడు. 1961నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని కట్టడ చేసినది. అయిదు గంటలు చేసిన తరువాత కనీసము అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. కాని సొంతబండి బాడుగకు తిప్పేవానికి ఆ గంటలు లెక్కపెట్టే దొర ఎవరు? ఆ రోజుకు అతని యజమానులము మనమే. విశ్రాంతిదినపు ఆజ్ఞలో ఇంటివారికి మాత్రమే కాక దాసునికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు, ఇంటనున్న పరదేశికి కూడ విశ్రాంతి చెప్పబడినది. బాడుగ ఇచ్చినాము గనుక అతని నిద్ర మన లెక్కలోనిది కాదని అనడానికి మనకు వీలు లేదు.

మన ఘాట్‌లు నేర్పే పాఠము

2022 మార్చి 26 రాత్రి ధర్మవరమునుండి నిశ్చితార్థమునకు తిరుపతివైపు వస్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడినది. 2024 సెప్టెంబరు 13న మొగిలి ఘాట్‌లో బస్సు, లారీలు ఢీకొన్నవి. ఆ రెండు చోట్లా శుభకార్యములకో, సొంత పనులకో బయలుదేరినవారు ఇండ్లకు తిరిగి రాలేదు. ఆ కుటుంబములను దేవుడు ఆదరించును గాక. ఎవరిది తప్పని తీర్పు చెప్పడానికి నేనిది వ్రాయడము లేదు. మన దారులు ఎట్టివో జ్ఞాపకము చేస్తున్నాను.

ఘాట్‌లో బ్రేకుల సంగతి కూడ కొంచెము తెలిసియుండాలి. రేసు కారు బ్రేకులు ఎర్రగా కాలినప్పుడే బాగా పట్టుతాయి. అవి వేరే పదార్థముతో చేసినవి. మన వ్యానుల బ్రేకులు అట్లు కాదు. దిగుడంతా కాలు బ్రేకుమీదనే పెట్టి ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతాయి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట ఇందుకే. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగడము ప్రాణముతో బేరమాడడమే.

తిరుపతిలో ఉండేవారికి ఒక సంగతి బాగా తెలుసు. తిరుమల ఘాట్ దారిలో బండి బయలుదేరిన సమయము ముద్రవేసి ఇస్తారు. ఎక్కడానికి 28 నిమిషములు, దిగడానికి 40 నిమిషములకన్న ముందుగా వచ్చినవారికి శిక్ష! రేసులో ముందు వచ్చినవానికి కప్పు. ఇక్కడ ముందు వచ్చినవానికి జరిమానా. ఎవరు పెట్టినారో గాని జ్ఞానముగల కట్టడ. మన ప్రయాణములకు కూడ ఇంటిపెద్దలు ఇట్టి ముద్ర ఒకటి వేయవచ్చును.

ఏశావు తనతో కలిసి పోదము రమ్మన్నప్పుడు యాకోబు ఏమన్నాడో ఆదికాండము 33వ అధ్యాయములో చదవండి. పిల్లలు లేతవారని, పాలిచ్చే పశువులున్నవని, ఒక్క దినము వాటిని వడిగా తోలితే మంద అంతా చస్తుందని చెప్పి, వాటి నడకకు తగినట్లు మెల్లగా వస్తానన్నాడు. అన్న వెంట నాలుగు వందలమంది ఉన్నారు. వారితో సమానముగా పోవాలని యాకోబు పంతము పట్టలేదు. కుటుంబముతో పోయేవాని వేగము అందరిలో బలహీనుని బట్టి ఉండాలని అతనికి తెలుసు. మన బండిలో ఆ బలహీనుడు ఒక్కొక్కసారి చంటిబిడ్డ కాదు, చక్రము పట్టినవాడే.

ఈ సెలవులకు

1. బాడుగ మాట్లాడేటప్పుడే, “నిన్న, మొన్న ఎక్కడ తోలినావు? రాత్రి ఎన్ని గంటలు పండుకొన్నావు?” అని అడగండి. ఆ రాత్రి వేరే ట్రిప్పు ఒప్పుకోవద్దని చెప్పి, దానికి తగినట్లు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వండి.

2. పోయి రావడము ఒకే దినములో పది గంటలు మించేటట్లయితే రెండవ డ్రైవరును పెట్టుకొనండి. లేదా ఒక రాత్రి అక్కడే నిలవండి.

3. చేరినచోట డ్రైవరుకు మొదట భోజనము, ఆపైన చాప, తలదిండు, ఫ్యాను ఉన్న చోటు చూపండి. కళ్యాణమండపము బయట ఎండలో కాలుతున్న వ్యానులో పండుకొనేది నిద్ర కాదు.

4. తెల్లవారకముందు బయలుదేరవద్దు. రెండు గంటలకొకసారి పావుగంట ఆగండి. డ్రైవరు ప్రక్కన మెలకువగా ఉండే పెద్దమనిషి కూర్చోవాలి. ముందు సీటులో ఒడిలో బిడ్డను పెట్టుకోవద్దు. వెనుకవారు కూడ బెల్టు కట్టుకోవాలి.

5. “ఇంకొంచెము తొక్కప్పా” అనే మాటను మన నోటనుండి తీసివేద్దాము. అది చెప్పేవాడు వెనుక కూర్చుంటాడు. భారము మోసేవాడు ముందున్నాడు.

ఇక ఆ తాతా మనుమల తగవు. తీర్పు మనుమనికే చెప్పినాను. తాత కొంతసేపు గడ్డము నిమురుకొని, “అయితే అయ్యగారూ, మన బండోళ్లకు కసరత్తు లేకపోయినా కునుకన్నా ఉండాల” అన్నాడు. నేను ఇన్ని పుటలలో వ్రాసినదానిని ఆయన ఒక్క ముక్కలో చెప్పినాడు.

ఈ సెలవులలో మీ ప్రయాణములు క్షేమముగా సాగును గాక. మిమ్మును తీసుకొనిపోయే మనిషి కూడ తన ఇంటికి, తన బిడ్డలయొద్దకు క్షేమముగా చేరును గాక.